పద్నాలుగేళ్ళ ఆదివారాలు

"ఓ కిచ్ఛు కొరే నా" అన్నాడు గోవిందరాజు వార్డు ఆఫీసు గుమాస్తాతో. ఆవిడ ఏ పనీ చెయ్యదండీ అని దానర్థం.

పక్కనే నిలబడిన అన్నపూర్ణకి ఆ మాట కొత్త కాదు. పద్నాలుగేళ్ళుగా తెలుగులో వింటూనే ఉంది. జనాభా లెక్కలకి తెలుగు మాస్టారొకాయన తలుపు తట్టినప్పుడు విన్నది. కూతుర్ని బడిలో వేసినప్పుడు తల్లి వృత్తి అనే గీత మీద కొట్టేసిన అడ్డగీతలో విన్నది. టెక్కలి నుంచి చుట్టాలొచ్చినప్పుడు అత్తగారు మహాలక్ష్మమ్మ నోట, "మా కోడలికేటమ్మా, సల్లగా ఇంట్లో ఉంటాది" అని కాస్త గర్వంగా కూడా విన్నది. బెంగాలీలో మాత్రం ఇదే మొదటిసారి. భాష మారేసరికి ఆ మాట కొత్త చొక్కా తొడుక్కున్న పాత మనిషిలా కనబడింది, ఆమెకి నవ్వొచ్చింది. పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ రోజుల్లో అందరూ నోటికేదో ఒకటి అడ్డం పెట్టుకునే తిరుగుతున్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అది రెండువేల తొమ్మిది, శ్రావణమాసం. పంది జ్వరమని పేపర్ల నిండా రాస్తున్న రోజులు. వాట్‌గంజ్‌లో ఓడరేవు గోడకి రెండు సందుల అవతల కళింగ ఆంధ్రా మెస్ అనే బోర్డు ఉండేది. దాని కింద చిన్నక్షరాల్లో కాదు, మెస్ పేరు కన్నా పెద్దక్షరాల్లో, ప్రొప్రైటర్ బి. గోవిందరాజు అని రాయించుకున్నాడాయన. మెస్సులో ఇరవై ఎనిమిది మంది తినేవాళ్ళు. అందరూ శ్రీకాకుళం వైపు వాళ్ళే. డాక్కులో సరుకు దింపేవాళ్ళు, క్రేన్ల మీద పనిచేసేవాళ్ళు, ఓడ ఎక్కడానికి పిలుపు కోసం చూసేవాళ్ళు.

అసలు ఆ మెస్సు ఎలా పుట్టిందో అన్నపూర్ణకి తప్ప ఎవరికీ జ్ఞాపకం లేదు. పెళ్ళయి కాపురానికొచ్చిన మూడో నెలలో ఊరివాళ్ళు ముగ్గురు భోజనానికొచ్చారు. "ముగ్గురికి వండుతావు గదా అమ్మీ, అదే గిన్నెలో ఇంకో రెండు గలాసుల బియ్యం పడేస్తే ఏటైపోద్ది" అంది అత్తగారు. ఏమీ అయిపోలేదు. ఆ ముగ్గురూ మర్నాడూ వచ్చారు. వాళ్ళ వెనక ఐదుగురొచ్చారు. గిన్నె గుండిగ అయింది, గుండిగ రెండు గుండిగలయింది, వీధి వైపు గదిలోకి బల్లలొచ్చాయి, బోర్డొచ్చింది. అన్నపూర్ణ మాత్రం ఆ రెండు గ్లాసుల బియ్యం పడేస్తున్న మనిషిగానే ఉండిపోయింది. మొదటి షిఫ్టువాళ్ళు ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి కనక తెల్లారకముందే క్యారేజీలు సర్దాలి. తొమ్మిదింటికి బెంగాలీ కూరలబ్బి తెచ్చిన పొట్లకాయలు తరగాలి. పదకొండుకి పప్పు దిగాలి. రెండింటికి గుండిగలు తోమాలి. మూడింటికి తను తినాలి, అప్పటికి చారులో తేట ఉండదు, పప్పులో పప్పుండదు. మళ్ళీ నాలుగింటికి సాయంత్రం వంట. గోవిందరాజు పొద్దున్న బజారుకెళ్ళొచ్చేవాడు, రెండుపూటలా వీధి బల్ల దగ్గర కూర్చునేవాడు, "ఏటి పోలయ్యా, ఇంకో గరిటెడు ఏయించుకో" అని నోరారా పలకరించేవాడు. మెస్సు నడపడమంటే అదే అని ఆయన నిజంగానే నమ్మాడు. చెడ్డవాడు కాదు. ఆయనకి కనబడేంత మేరా చూశాడు, అంతే. శ్రీకాకుళం కాలేజీలో చరిత్ర చదివి బి.ఎ. పాసైన అన్నపూర్ణ, రాజుల పేర్లు శాసనాల మీద ఉండి కోట కట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా లేకపోవడం చరిత్ర పుస్తకాల్లోనే అనుకునేది.

ఆ పోలయ్యే ఒక మధ్యాహ్నం ఓడ దిగొచ్చి, జ్వరంతో బల్ల మీద తల పెట్టేశాడు. బెలేఘాటా ఆసుపత్రికి తీసుకెళ్తే పరీక్ష చేసి, పంది జ్వరమేనన్నారు. మర్నాడు మూతులకి గుడ్డలు కట్టుకున్న నలుగురు మునిసిపాలిటీవాళ్ళొచ్చి మెస్సు తలుపు మీద నోటీసు అంటించారు, మళ్ళీ చెప్పేదాకా తెరవకూడదని. తినేవాళ్ళు కొందరు గార్డెన్ రీచ్‌లో చుట్టాల దగ్గరికీ, కొందరు లిలువాకీ, కొందరు మెయిలెక్కి ఊరికీ పోయారు. పోలయ్య పదిరోజుల్లో కోలుకుని ఫోను చేశాడు. "జొరానికి సావనేదొదినా, ఆసుపత్రి రొట్టెకి సచ్చిపోనాను. నీ సారు నీళ్ళు సుక్క పడితే లేచి కూకుందును" అన్నాడు.

ఇక అన్నపూర్ణ ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. మెస్సు మూతబడిన మూడో రోజు ఆమెకి విపరీతమైన సంతోషం కలిగింది. ఇంట్లో నలుగురే. గ్లాసున్నర బియ్యం. ఎనిమిదిన్నరకల్లా వంటిల్లు కడిగేస్తే, ఎదురుగా ఒక రోజంతా, చేటలో చెరిగిపెట్టిన బియ్యంలా శుభ్రంగా ఉంది. వేడన్నం వేడిగా తింది. పప్పులో పప్పు ఉంది! కూతురు నారాయణమ్మ పక్కన కూర్చుని దాని బెంగాలీ వాచకం చదివించుకుంది. ఆ పిల్లని వీధంతా టుంపా అనే పిలుస్తుంది, ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడిపోయింది. ఒక మధ్యాహ్నం టుంపా బడి నుంచి వస్తుంటే ఎదురెళ్ళి, ఇద్దరూ ఖిదిర్‌పూర్‌లో ట్రామెక్కి, మైదానం మీదుగా ధర్మతల్లా దాకా వెళ్ళి, దిగకుండా అదే ట్రాములో వెనక్కొచ్చారు. "ఏం పని మీద వెళ్ళామమ్మా?" అంది టుంపా. "ఏ పనీ లేదే" అంది అన్నపూర్ణ, ఆ మాట తన నోట ఎంత రుచిగా ఉందో చూసుకుంటూ. వాన తడిసిన పచ్చిక, దాని మీద మేకలు, ఎక్కడికో తొందరలేకుండా పోతున్న ట్రాము. పద్నాలుగేళ్ళు ఈ ఊళ్ళో ఉండి మైదానాన్ని కార్తీకమాసపు బంధువులకి చూపించడానికి తప్ప ఆమె చూడలేదు. అయ్యో, పోలయ్యకి జ్వరమొస్తే నాకింత సుఖమా అని సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే మళ్ళీ ట్రామెక్కేది.

అయితే సంతోషం బియ్యం డబ్బాని నింపదు గదా. నెల తిరిగేసరికి డబ్బా అడుగు కనబడింది. అప్పుడే తెలిసింది, జబ్బు మూలంగా మూయించిన చోట్ల పనిపోయినవాళ్ళకి వార్డు నుంచి మూడు నెలలు బియ్యం, పప్పు, కాస్త డబ్బు ఇస్తున్నారని. గోవిందరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టుంపా బెంగాలీలో నింపిన ఫారం పట్టుకుని, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. వృత్తి దగ్గర పెద్దక్షరాల్లో, మెస్సుకి మాలిక్, అంటే యజమాని, అని రాయించాడు.

గుమాస్తా తల పైన గోడకి ఎర్రజెండా ఫొటో ఒకటి వేలాడుతోంది. ఆయన ఫారం చూసి కళ్ళజోడు తీశాడు. "మాలిక్‌లకి లేదు దాదా. శ్రమిక్‌లకి. పనిచేసి పొట్టపోసుకునేవాళ్ళకి."

ఈ రాష్ట్రంలో, ఆ జెండా కింద, ఆ కిటికీ దగ్గరికొచ్చి మాలిక్‌నని ఛాతీ విరుచుకుని చెప్పినవాడు గోవిందరాజు ఒక్కడే అయుంటాడు.

"మీ మెస్సులో పనివాళ్ళుంటే వాళ్ళు పెట్టుకోవచ్చు. ఎంతమంది?"

"ఎవరూ లేరు."

"మరి వంట?"

"మా ఆవిడే."

"అంటే ఈవిడ శ్రమిక్. ఏం పనిచేస్తారు?"

అక్కడే అన్నాడు గోవిందరాజు, అలవాటుకొద్దీ, ఏ పనీ చెయ్యదని. గుమాస్తా ఆయన్నీ అన్నపూర్ణనీ మార్చి మార్చి చూశాడు. "ఇరవై ఎనిమిది మందికి అన్నం ఆకాశం నుంచి పడేదా? ఇదిగో, ఈవిడ పేరున ఇంకో ఫారం తీసుకెళ్ళండి. మాలిక్‌గా మీరు సర్టిఫికెట్ ఇవ్వాలి. విచారణకి మా ఆఫీసు దీదీ వస్తారు. ఆవిడ అడిగినదానికి జవాబు సరిగ్గా లేకపోతే ఇచ్చేది లేదు."

గోవిందరాజు రెండో ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకుని నడిచాడు. సందు మొదట్లోకొచ్చాక నిట్టూర్చి, "సరేలే, ఒక అబద్ధమాడితే పోద్ది. నువ్వు మెస్సులో పన్జేసేదానివని సెప్పేద్దాం" అన్నాడు.

అన్నపూర్ణ నడుస్తున్నదల్లా ఆగింది. "అబద్ధమా అండీ?"

"మరేటి? కడుపు కోసం ఆడితే పాపం నేదులే" అన్నాడాయన, ఆమెని ఓదారుస్తూ.

విచారణకొచ్చిన భౌమిక్ దీదీ పొట్టిగా, గుండ్రంగా, చేతిలో తడిగొడుగుతో వచ్చింది. మెస్సు గదిలో దుమ్ముపట్టిన బల్ల ముందు కూర్చుని, మొదట మాలిక్‌నే అడిగింది. ఇరవై ఎనిమిది మందికి ఒక పూటకి బియ్యమెంత?

"పది... పదిహేను కిలోలు" అన్నాడు గోవిందరాజు.

"చారుకి చింతపండు?"

"రెండు కిలోలుంటాది."

దీదీ కలం ఆపింది. "చారు బావిలో కాస్తారా దాదా?"

టుంపా కిసుక్కుమంది. దీదీ అన్నపూర్ణ వైపు తిరిగింది. "మీరు చెప్పండి, బౌదీ" అంది, వదినా అని పిలిచినట్టు.

"బియ్యం ఏడు కిలోలు. ఓడ అన్‌లోడింగ్ ఉన్నరోజు ఎనిమిది. చింతపండు పాతదైతే పావుకిలో, కొత్తదైతే ఇంకో గుప్పెడు. ఆషాఢంలో ఇంకా తక్కువ, తేమకి పులుపెక్కుతుంది." చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పరీక్షలో వచ్చిన ప్రశ్నలన్నీ చదివినవే అయినప్పటి గొంతు అది. దీదీ అడుగుతూనే పోయింది. ఎన్నింటికి లేస్తారు, గుండిగ ఎవరు దించుతారు, చేతి మీద ఆ మచ్చేమిటి. అది గంజి మచ్చ, టుంపా కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో పడింది.

అప్పుడు గుమ్మంలోంచి మహాలక్ష్మమ్మ గొంతు లేచింది. "ఏటడుగుతోందిరా ఆవిడ? ఇంట్లో ఒండుకోడం పనేటి? ఆడదాయికి అదీ ఒక పనేనా?"

దీదీకి తెలుగు రాదు గానీ స్వరం అర్థమైనట్టుంది. "అమ్మగారేమంటున్నారు? పని కాదంటున్నారా?" అని కలం మూతపెట్టబోయింది. గోవిందరాజు గబుక్కున తల్లి దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. బియ్యం అన్న ముక్క అందరికీ వినబడింది.

మహాలక్ష్మమ్మ ముఖం ఒక్క క్షణంలో మారిపోయింది. వచ్చి దీదీ ఎదురుగా చతికిలబడి, తనకొచ్చిన నాలుగు బెంగాలీ ముక్కలూ తెలుగులో కలిపి మొదలెట్టింది. "ఓలమ్మో, మా కోడలు పడ్డ సాకిరీ ఏ ఎద్దూ పడనేదు తల్లీ! సీకటితో లేస్తాది. జొరమొచ్చినా లేస్తాది. పురుడొచ్చి పదకొండో నాడు పొయ్యి కాడ కూకుంది. దానికి ఏడి మెతుకు నేను సూడనేదు. కూకుని తిన్నది సూడనేదు. నడుం నొప్పని ఒక్కనాడు..." ఒప్పచెబుతున్న అబద్ధాల్లో ఏదో ఒకటి గొంతుకడ్డం పడ్డట్టుంది. కోడలి వంక ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, "అననేదు" అని పూర్తిచేసింది. పక్కనుంచి గోవిందరాజు ప్రతి ముక్కకీ ఔనౌనంటూ బెంగాలీలోకి మార్చి చెప్పాడు.

అన్నపూర్ణ గోడకానుకుని నిలబడింది. తల్లీకొడుకులిద్దరూ పోటీలుపడి అబద్ధమాడుతున్నామనుకుంటూ, పద్నాలుగేళ్ళ నిజాన్ని ఒక్కొక్క ముక్కే బయటికి తీసి బల్ల మీద పెడుతున్నారు. ఒక్కటీ తప్పుపోలేదు. అంటే చూశారన్నమాట. ఇన్నాళ్ళూ కనబడలేదేమో అనుకుని తనే సరిపెట్టుకుంది. అన్నీ కనబడ్డాయి, జ్ఞాపకం కూడా ఉన్నాయి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు గానీ, నవ్వే ముందొచ్చింది. ట్రాములో కలిగిన సంతోషంలాగా కడుపులోంచి.

"జీతమెంతిచ్చేవారు?" అంది దీదీ.

"తిండి పెడతాం. పండక్కి చీర" అన్నాడు గోవిందరాజు.

"తిండికి పనిచేయించుకుంటే దానికి వేరే చట్టముంది దాదా. ఆ ఫారం కూడా నా సంచీలోనే ఉంది."

"అయిదొందలు" అన్నాడు. దీదీ ఆయన్ని చూసింది. "వెయ్యి." ఇంకా చూసింది. "రెండున్నర వేలు" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

"వారానికి సెలవు?"

"ఉంది, ఉంది. ఆదివారం."

ఆదివారం చేపల పులుసు. ఇరవై ఎనిమిది మంది, చుట్టాలతో కలిపి ఒక్కోసారి నలభై. పొలుసు తీసి తీసి వేళ్ళు చీరుకుపోయేవి. దీదీ రాసింది: వారానికి ఒక రోజు సెలవు, ఆదివారం. గోవిందరాజు కింద సంతకం చేశాడు. కాగితం మీద అన్నపూర్ణకి పద్నాలుగేళ్ళ ఆదివారాలు వచ్చాయి. ఏడొందల పైచిలుకు. ఆ రాత పక్కన ఆమె కూడా సంతకం పెట్టింది, కాలేజీ రోజుల్లోలాగా చివరి అక్షరానికి కిందికి తోక లాగి.

సాయం అందింది. బియ్యం కాస్త ముక్కబియ్యమే, పప్పు ఎర్రపప్పే, కానీ అన్నపూర్ణ పేరున వచ్చాయి. నెలనెలా ఆమే వెళ్ళి తెచ్చింది. వరసలో నిలబడటం ఆమెకి నామోషీ అనిపించలేదు. ముందూ వెనకా ఆడవాళ్ళతో మాటలు కలిపి, మూతబడిన చాయ్ దుకాణం అమ్మాయి దగ్గర ఎర్రపప్పుకి ఉల్లి తాలింపు నేర్చుకుంది. గోవిందరాజుకే మొదటి నెల అన్నం గొంతు దిగలేదు. "పెళ్ళాం పేరున ఇచ్చిన కూడు" అన్నాడొకసారి. "ఎప్పుడూ నా చేతి కూడేగా" అంది ఆమె, కోపం లేకుండా. ఆయన నవ్వాడు. ఊసుపోక కూరలు తరగడానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. బెండకాయ ముక్క ఒకటి వేలంత, ఒకటి గోరంత. "ఇది కష్టమేనే" అన్నాడు నాలుగో రోజు, ఆశ్చర్యంగా.

అమ్మవారి పూజలు దగ్గరపడుతుండగా నోటీసు తీసేశారు. సందులో వెదురు పందిళ్ళు లేస్తున్నాయి. పోలయ్య ఊరి నుంచి వచ్చేశాడు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు చేస్తున్నారు. "సోమారం పొయ్యెలిగించాల. గుండిగలు తీయించు" అన్నాడు గోవిందరాజు. ఆయన ముఖంలో వెలుగు చూస్తే ముచ్చటేసింది.

శుక్రవారం చివరి విడత బియ్యానికి ఇద్దరూ వెళ్ళారు. అదే గుమాస్తా ఒక కాగితం తీసి, అన్నపూర్ణ ముందు పెట్టి చదివాడు. "మీ మెస్సు తెరుస్తున్నారు. పాత పనిలో తిరిగి చేరుతున్నారా?"

"హ్యా, అవును, చేరుతోంది" అన్నాడు గోవిందరాజు.

"మిమ్మల్ని కాదు దాదా. ఈవిణ్ణి."

అన్నపూర్ణ ఆ ప్రశ్న వంక చూసింది. బెంగాలీ అక్షరాలు ఆమె కూడబలుక్కుని చదువుతుంది. చేరుతున్నారా. పెళ్ళిలో అడగలేదు. రెండు గ్లాసుల బియ్యం పడేసినప్పుడు అడగలేదు. బల్లలు తెచ్చినప్పుడు, బోర్డు కట్టినప్పుడు, పదకొండో నాడు పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు, ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు, తనకీ తోచలేదు. ఇల్లాలిగా ఉన్నంతకాలం తను ఎటూ వెళ్ళే వీల్లేదనుకుంది. వీళ్ళు తనని పనిమనిషిని చేసి, దానికి సంతకాలు పెట్టి, ముద్ర వేయించారు. ఇప్పుడు తెలుస్తోంది, పనిమనిషి పని మానుకోవచ్చు. కూతురు, భర్త, అత్తగారు, గ్లాసున్నర బియ్యం, అది ఇల్లు. ఏడు కిలోలు ఉద్యోగం. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో పద్నాలుగేళ్ళు వెతికినా దొరకలేదు, ఈ గుమాస్తా కాగితం మీద అచ్చువేసి ఉంది.

ఆమె కలం తీసుకుని 'లేదు' పక్కన టిక్కు పెట్టింది.

గోవిందరాజు బియ్యం సంచి పట్టుకుని ఆమె వెనకే రోడ్డు మీదకొచ్చాడు. "ఏటే అది? మరి వంటెవులు సేస్తారు?"

"మనిషిని పెట్టండి. రెండున్నర వేలు. ఆదివారం సెలవు. ఆ మాటలు మీరు రాసినవే" అంది అన్నపూర్ణ. ఆయన ముఖం చూసి జాలేసి, "ఒక నెల నోటీసిస్తాను. వచ్చిన మనిషికి నేర్పిపెడతాను. బెండకాయలు మీరు తరుగుదురు గాని" అంది.

ఆయన సంచి దించి, ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాడు. పక్కన పందిట్లో డాకీలు, పూజలకి డప్పు వాయించేవాళ్ళు, దరువు ఒకటి వాయించి చూసుకుంటున్నారు. గోవిందరాజు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"మానేసి నువ్వేటి సేస్తావు?"

అన్నపూర్ణ ఆలోచించింది. ట్యూషన్లా, టుంపాకి తెలుగు నేర్పడమా, ఇంకా పైకి చదవడమా, ఊరికే ట్రాములెక్కడమా. ఒకదాని మీద ఒకటి తోసుకొస్తున్నాయి. దేన్నీ ఇప్పుడే పట్టుకోబుద్ధి కాలేదు.

"ఏమోనండీ" అంది నవ్వుతూ, "నన్ను నేనింకా అడగలేదు."